నాకు వచ్చిన ఏడో భాష

ఒక విదేశీ విద్వాంసురాలి పదిహేనేళ్ల కష్టాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో ఎలా ముంచబోయానో చెబుతాను. ముంచేదాన్నే, ఒక నర్సింగ్ విద్యార్థిని లేచి నిలబడకపోతే. తప్పంతా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. ఎవరి మీదికైనా నెట్టడానికి వీలుంటుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు సరోజిని. నాన్న కిరండూల్ లైన్లో గూడ్సు గార్డు. విజయనగరం నుంచి ఉద్యోగానికొచ్చి బస్తర్‌లోని బచేలిలో ఉండిపోయారు. కొండ మీద తవ్విన ఇనుప ఖనిజాన్ని రైళ్లు విశాఖ రేవుకు మోసుకుపోయేవి. దాని దుమ్ము మాత్రం మా ఇళ్లలో దిగేది. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగేది. మా క్వార్టరుకు కుడి పక్క ఒడియా వాళ్లు, ఎడమ పక్క బెంగాలీ వాళ్లు. సంతలో హల్బీ, ఆఫీసుల్లో హిందీ, బళ్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. అందువల్ల నాకు ఆరు భాషలు వచ్చని అందరికీ చెప్పుకునేదాన్ని. ఆరింటిలోనూ వంకాయలు బేరమాడగలను కనక అది పూర్తి అబద్ధం కాదు.

ఆ ఏడాది ఘనా దేశం నుంచి డాక్టర్ అకోసువా అనే ఆవిడ వచ్చి కంపెనీ గెస్ట్‌హౌసులో దిగారు. ఆవిడ చదువును అనువర్తిత భాషాశాస్త్రం అంటారు. ఆ మాట వినగానే నా మొహం ఎలా పెట్టానో గాని, ఆవిడే విడమరిచి చెప్పారు.

"భాషల పుట్టుపూర్వోత్తరాలు చూసేవాళ్లు వేరే ఉన్నారు. బళ్లో, ఆసుపత్రిలో, కోర్టులో ఎదుటివాళ్ల మాట అర్థంకాక మనిషి ఏం నష్టపోతాడో, ఆ నష్టం ఎలా తగ్గించాలో చూడటం నా పని."

ఆవిడ పుట్టింది బంగారు గనుల ఊళ్లో. తండ్రి గనిలో పనిచేసేవాడు. చిన్నప్పుడు బళ్లో ఇంటి భాష మాట్లాడినందుకు మెడలో చెక్కపలక కట్టి రోజంతా నిలబెట్టారట. ఆ పిల్లే పెద్దయి అదే ఊళ్లో పంతులమ్మ అయింది. తర్వాత స్కాలర్‌షిప్పు సంపాదించి, డాక్టరేటు తెచ్చుకుని, విశ్వవిద్యాలయంలో చేరింది. గనుల ఊళ్లలో పిల్లల చదువుల మీద మూడు చోట్ల పరిశోధన మొదలుపెట్టింది. మూడోది, ఆఖరిది మా బస్తర్. "గనిలో ఇనుము ఉంటుంది, భాషాశాస్త్రం ఏముంటుంది" అని వాళ్ల డిపార్టుమెంటులో పెద్దలు నవ్వారట. ఇది పుస్తకమై వస్తే ప్రొఫెసరు పదవి, రాకపోతే ఆ నవ్వే మిగులుతుంది.

ఆవిడకు ఒక దుబాసి కావాలి. నేను వెళ్లాను. నా తర్వాత ఇంకో ఇద్దరు వరండాలో కూర్చుని ఉన్నారు.

"నేను ఆవపల్లి వైపు వెళ్లాలి. అక్కడివాళ్లది డోర్లీ అట. మీకు వచ్చా?"

వరండాలో ఉన్న ఇద్దరిలో ఒకామె దగ్గింది. ఆ దగ్గు వినగానే నా నోరు నా మాట వినలేదు.

"వచ్చు మేడమ్. నా ఏడో భాష అదే."

ఇంటికెళ్లి చెబితే అమ్మ అట్లకాడ పక్కన పెట్టేసింది.

"నీకు డోర్లీ ఎప్పుడొచ్చిందే?"

"తెలుగులాగే ఉంటుందమ్మా. కాస్త సాగదీస్తే సరిపోతుంది."

"సాగదీసీకు. ఎక్కడో తెగుద్ది."

బయల్దేరడానికి మూడు రోజులుంది. ఆసుపత్రిలో ఊడ్చే ఒక డోర్లా ఆవిడ వెంటపడి ఏడు ముక్కలు నేర్చుకున్నాను. వాటిలో ఒకటి "నాకు మీ భాష వచ్చు" అనడం. మిగతా ఆరూ నేర్చుకోకపోయినా ఫరవాలేదు గాని, ఆ ఒక్కటి నేర్చుకోకుండా ఉండాల్సింది.

బస్సులో గీదం, అక్కణ్ణుంచి బీజాపూర్, ఆపైన జీపులో ఆవపల్లి, అక్కణ్ణుంచి పొలం గట్ల మీద నడక. టేప్‌రికార్డరు సంచీ నేను మోశాను. ఆవిడ చేత మోయించడం ఏడు భాషలు వచ్చిన మనిషికి మర్యాద కాదు కదా.

ఊరి మొదట్లోనే ఒక ముసలావిడ చాప మీద ఇప్పపూలు ఆరబోస్తోంది. ఆవిడ పేరు ‘ఐతె’. మేడమ్ ఆవిడ పక్కనే మట్టిలో కూర్చుని, తన పేరు చెప్పి, "ఆదివారం పుట్టిన ఆడపిల్లకు మా దగ్గర పెట్టే పేరు" అన్నారు. నేను ఆకాశం చూపించి, వేళ్లు లెక్కపెట్టి, ఐతవారం అన్నాను. ముసలావిడ మొహం విచ్చుకుంది. తన గుండెల మీద చెయ్యి పెట్టుకుని "ఐతె, ఐతవారం" అంది. తనూ ఆదివారం పుట్టిందే. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎంతసేపు నవ్వుకున్నారో.

ఆ ఒక్కటీ సరిగ్గా చెప్పాను. దాంతో నాకు పొగరెక్కింది. నేర్చుకున్న ముక్క తీసి, డోర్లీలో, "నాకు మీ భాష వచ్చు" అని ప్రకటించాను. ఐతె నన్ను తేరిపార చూసి, తల ఊపి, సర్దుకుని కూర్చుంది. పాపం, చాలా రోజులుగా చెప్పుకోవాల్సింది ఉన్నట్టుంది.

"పిల్లలకు బళ్లో చదువు ఏ భాషలో చెబితే బాగుంటుందో అడుగు" అన్నారు మేడమ్, టేప్‌రికార్డరు మీట నొక్కి.

నేనేదో అడిగాను. ఏమడిగానో ఆ దేవుడికే తెలియాలి. ఐతె మొదలుపెట్టింది. ఖనిజం రైలు మలుపు తిరుగుతున్నట్టు ఎంతకీ తరగని మాటలు. అందులో నాకు పట్టుబడినవి మూడు. నారు. లోను. ఏరు. అవి మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఇంత తెలుగు ఉండగా నాకు భయమెందుకు.

"ఏమంటోంది?"

నేను గొంతు సవరించుకున్నాను. "పిల్లలు వరినారు లాంటివాళ్లు అంటోంది మేడమ్. వాళ్ల లోన ఒక ఏరు పారుతుందట. అదే తల్లిభాష. ఆ ఏరు ఎండితే నారూ ఎండిపోతుందట."

మేడమ్ కలం ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజంగా ఏరు అన్నదా?"

"నాలుగుసార్లు అంది మేడమ్." అది మాత్రం నిజం.

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఐతె కూడా కదిలిపోయింది. ఇన్నాళ్లకు తన గోడు వినే మనిషి దొరికిందనుకుంది కాబోలు, గొంతు పెంచి, తాళం వేసి ఉన్న బడి వైపు చెయ్యి విసిరి విసిరి ఇంకా చెప్పింది.

"ఇప్పుడేమంది?"

"పై చదువులు కూడా కావాలంటోంది మేడమ్."

తిరుగుదారిలో ఆవిడ ఒకటే మాట. "నా పుస్తకానికి గుండెకాయ దొరికింది సరోజినీ." నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ వినయం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

పదిరోజుల తర్వాత జగదల్‌పూర్‌లో ఒక హాల్లో ఆవిడ ఉపన్యాసం. ముందు వరసలో అధికారులు, వాళ్ల వెనక కాలేజీ మాస్టర్లు. కుర్చీలు ఖాళీగా కనబడకూడదని వెనక వరసల్లో నర్సింగ్ విద్యార్థినులను తెచ్చి కూర్చోబెట్టారు. ఆ ఉపన్యాస పాఠం మర్నాడే ఒక పత్రికకు పోస్టులో వెళ్లాలి. మేడమ్ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను పక్కన నిలబడి హిందీలో చెబుతున్నాను. బ్రహ్మాండంగా సాగుతోంది. ఆఖరున ఆవిడ టేప్ పెట్టారు. ఐతె గొంతు హాలంతా నిండింది. తర్వాత నారు, ఏరు చదివారు. చప్పట్లు. ముందు వరసలో ఒక పెద్ద అధికారి కళ్లు మూసుకుని తల ఊపారు.

చప్పట్లు ఆగాక వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది.

"ఆ మాట్లాడింది మా నాయనమ్మ" అంది హిందీలో. "నా పేరు బుద్రి. మా నాయనమ్మ కవిత్వం చెప్పలేదు. డోర్లీలో నారు అంటే ఊరు. లోను అంటే ఇల్లు. ఏరు అంటే నీళ్లు. మా ఊరి బడి ఇంట్లో నీళ్లు లేవని చెప్పింది. బోరింగ్ చెడిపోయింది, నీళ్లు లేక మాస్టరు ఉండటం లేదు, బడికి తాళం పడింది అని చెప్పింది."

మేడమ్‌కు హిందీ రాదు. నా వైపు వంగారు.

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. ఆ క్షణంలో నా నోట్లో ఒక వాక్యం తయారుగా ఉంది. "ఉపన్యాసం చాలా బాగుందంటోంది మేడమ్." అనేస్తే సరిపోయేది. హాల్లో ఎవరూ కాదనేవాళ్లు కాదేమో. కాని ఆ వ్యాసం పోస్టులో వెళ్తుంది, పుస్తకమవుతుంది, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు. అప్పుడు మేడమ్ డిపార్టుమెంటు పెద్దలు నవ్వేది నన్ను చూసి కాదు. బుద్రి ఇంకా నిలబడే ఉంది. నేను ఆమె చెప్పినదంతా, ఒక్క ముక్క వదలకుండా, ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఊరి మాటల్లో, ఐతవారం తర్వాత నేను సరిగ్గా అనువదించిన రెండో సంగతి అదే.

మేడమ్ మైకును చేత్తో మూయలేదు, అందులోనే అడిగారు.

"సరోజినీ, నీకు డోర్లీ వచ్చా?"

"రాదు మేడమ్."

"ఎన్ని మాటలు వచ్చు?"

"ఏడు."

"వాటిలో సరైనవి?"

"నాలుగు ఉండొచ్చు మేడమ్."

అధికారులు నవ్వారు. బుద్రి నా వైపు తిరిగి, ఈసారి తెలుగులో అంది.

"అక్కా, మా నాయనమ్మకు తెలుగు మంచిగ వస్తది. భద్రాచలం సంతల అంతా తెలుగే మాట్లాడ్తది. మొన్న ఇంటికి పోతే చెప్పింది, నువ్వే నాకు మీ బాస వచ్చంటివంట. పిల్ల ఇంత ముచ్చటపడి అన్నది గదా అని డోర్లీల చెప్పింది. ఇగ నిన్ను నేనేమంటా?"

అది కూడా అనువదించమన్నారు మేడమ్. అనువదించాను. నా జీవితంలో అంతకంటే కష్టమైన వాక్యం లేదు.

ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఆవిడ కాగితాల్లో ఆఖరి పేజీ తీసి మడిచి పక్కన పెట్టారు.

"అర్థంకాని మాటను అర్థమైనట్టు చూపిస్తే పేదవాళ్లు నష్టపోతారని పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను" అన్నారు సభతో. "ఈ రోజు ఆ పని నా చేతి మీదుగానే జరిగింది. అందమైన మాట కదా అని నేను కూడా ఇంకొకరిని అడిగి చూసుకోలేదు. ముందుగా ఐతె గారికి క్షమాపణ. ఇప్పుడు ఆమె ఏమన్నారో విందాం."

బుద్రిని వేదిక మీదికి పిలిచి టేపు మళ్లీ మొదటి నుంచి పెట్టారు. బుద్రి ఒక్కో వాక్యం ఆపి హిందీలో చెప్పింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. చివర్లో ఐతె అన్న మాట ఇది: "ఏ భాషలో చెప్పాలని అడుగుతున్నావు. ఏ భాషలో అయినా చెప్పండి. ముందు ఎవరైనా వచ్చి తాళం తియ్యండి." ఇందాక కళ్లు మూసుకున్న అధికారి ఇప్పుడు కళ్లు తెరిచి డైరీలో రాసుకోవాల్సి వచ్చింది. ఏరుకు తల ఊపినాయన నీళ్లకు ఊపనని ఎలా అంటాడు. వానలు పడకముందే బోరింగ్ బాగయింది. బడి తెరిచారు.

నన్ను పంపేస్తారని మూటాముల్లె సర్దుకున్నాను. మేడమ్ పిలిచి, "జగదల్‌పూర్‌లోనే ఉండి, రేపటి నుంచి రోజూ గంటసేపు బుద్రి దగ్గర డోర్లీ నేర్చుకో. పరీక్ష నేను పెడతాను" అన్నారు. ఆర్నెల్లు పెట్టారు. మూడుసార్లు తప్పాను. నాలుగోసారి ఐతె ముందు కూర్చోబెట్టి పెట్టారు. ఆ ముసలావిడ నన్ను పాస్ చేసింది, తెలుగులో.

ఆ పుస్తకం వచ్చింది. ఆవిడ ప్రొఫెసర్ అయ్యారు. ఆనాడు నవ్విన పెద్దల డిపార్టుమెంటుకు తర్వాత ఆవిడే అధిపతి అయ్యారు. ఎన్నో దేశాల్లో పాఠాలు చెప్పారు, ఎందరికో డాక్టరేట్లు ఇప్పించారు. పుస్తకంలో ఎక్కువమంది చదివే అధ్యాయం నాదేనని నాకు ఉత్తరం రాశారు. దుబాసి ఎలా ఉండకూడదో చెప్పడానికి ఆవిడ విశ్వవిద్యాలయంలో ఏటా పిల్లల చేత నా కథే చదివిస్తారట. నా పరువు పోకూడదని పేరు రాయకుండా 'ఎస్' అని ఒక్క అక్షరం వేశారు.

నేను ఊరుకోలేదు. నా పేరు పూర్తిగా వెయ్యమని ఉత్తరం రాశాను. రెండో ముద్రణలో వేశారు. ఆ పుస్తకం పట్టుకుని అమ్మ క్వార్టర్లన్నీ తిరిగి, "ఆఫ్రికాలో మా అమ్మాయి గురించి పాఠం సెప్తన్నారు" అని అందరికీ చూపించింది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లెవరూ తొందరపడి ఆవిడకు అందులో ఏముందో చెప్పలేదు. వాళ్లకు నా నమస్కారం.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరి నోటా వాళ్లు అనని కవిత్వం పలికించను. మనిషి నీళ్లు అడిగితే నీళ్లనే చెబుతాను.