డాక్టరు గారు రెండుసార్లు అడిగారు

పోయిన మామిడి సీజన్‌లో నాకు ఊరికే గుండెదడ వచ్చేది, నిద్ర పట్టేది కాదు. మాది నూజివీడులో పళ్ళ వ్యాపారం. బావమరిదిని తోడు తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

"వేరే మందులేమైనా వాడుతున్నారా అండీ?" అని ఆయన రెండుసార్లు అడిగారు. నేను ఏళ్ళుగా హెచ్.ఐ.వి. మందులు వాడుతున్నాను. ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కనే బావమరిది ఉన్నాడు. "ఏమీ లేవండీ" అనేశాను.

మర్నాడు పొద్దున ఆయన రాసిన ఆందోళన మాత్ర వేసుకుని ముసునూరు తోటకి వెళ్ళాను. కాయలు లోడు చేయిస్తూనే వరిగడ్డి మీద ఒరిగిపోయాను. ఎంత లేపినా లేవలేదట. ముఖాన నీళ్ళు కొట్టాక కళ్ళు తెరిచాను.

"ఏంటి బావా, పొద్దున్నే తాగేశావా?" అన్నాడు బావమరిది, కూలీలందరి ముందు.

"అవునురా, కాస్త ఎక్కువైంది" అన్నాను ముద్దమాటతో. ఏనాడూ చుక్క ముట్టని వాణ్ణి!

సాయంత్రం నా భార్యే నన్ను తీసుకెళ్ళి డాక్టరు గారికి అంతా చెప్పింది. "మీ మందుల్లో ఒకటి ఈ మత్తును ఒంట్లోంచి పోనివ్వదండీ. ఊపిరికే ముప్పు వచ్చేది. ముందే చెప్పుంటే వేరేది రాసేవాణ్ణి కదా" అన్నారాయన మెల్లగా. తలెత్తలేకపోయాను.

ఇప్పుడు ఏ డాక్టరు అడిగినా దాచకుండా చెబుతున్నాను. తోటలో మాత్రం నేను ఇప్పటికీ తాగుబోతునే. ఈ ఉత్తరం కింద పేరు రాయడానికీ చెయ్యి రావడం లేదు.