హనోయ్ హోటల్ కార్డు మీద సత్తెమ్మ సంతకం

దయ్యాలు, ఆత్మలు అనేవి పనీపాటా లేనివాళ్ల కబుర్లని నా అభిప్రాయం. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు పెట్టుకున్నవాళ్లకి ఇలాంటి కథలు వారానికొకటి వినపడతాయి. ఫలానా గెస్ట్‌హౌస్‌లో అర్ధరాత్రి గజ్జెల చప్పుడు, ఫలానా మేకప్ రూం అద్దంలో ఎవరో ఆడమనిషి. విని, టీ తాగి, లేచి నా పని చూసుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా నమ్మమని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఇందులో నా తప్పు ఎంతో కూడా చెప్తాను. అది దాచి మిగతాది చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

నేను ప్రైవేటు టూర్లు వేస్తాను. పదిమందితో కలిసి బస్సెక్కడం ఇష్టం లేని కుటుంబాలకి వాళ్ల సొంత వ్యాను, సొంత గైడు, వాళ్లకి నచ్చిన టైముకి నిద్ర లేపే కార్యక్రమం. కస్టమర్లలో సగం మంది జూబ్లీహిల్స్ సినిమావాళ్లే. ఈమధ్య అందరూ వియత్నాం అంటున్నారు. వీసా ఆన్‌లైన్లో వచ్చేస్తుంది, ఫొటోలు బాగా పడతాయి.

మనవాళ్లతో ఒకటే చిక్కు. ఏ దేశం తీసుకెళ్లినా రెండో పూటకే పప్పు, చారు అంటారు. అందుకని స్తోమత ఉన్నవాళ్లు వంటమనిషిని కూడా వెంట తీసుకెళ్తారు. ఒక పెట్టె నిండా పచ్చళ్లు, పొడులు, పోపుల డబ్బా, కరెంటు కుక్కరు. నా బుకింగ్ ఫారంలో 'వంటమనిషి' అని విడిగా ఒక గడే ఉంటుంది.

పోయినేడాది ఒక నిర్మాతగారి కుటుంబానికి హనోయ్, హాలాంగ్ బే కలిపి ఆరు రోజుల టూరు వేశాను. ఆయన, భార్య వసుంధర గారు, ఇద్దరు పిల్లలు, ఆవిడ చెల్లెలు. ఈ ఐదుగురితో పాటు ఆ గడిలో సత్తెమ్మ.

సత్తెమ్మది బోరబండ. యాభై అయిదేళ్లుంటాయి. ఆ ఇంట్లో పదకొండేళ్లుగా వండుతోంది. వేలిముద్ర తప్ప సంతకం తెలియని మనిషి. పాస్‌పోర్టు కోసం సంతకం నేర్చుకుంటానని తనే పట్టుబట్టింది. మూడు రోజులు మధ్యాహ్నం పూట మా ఆఫీసుకి వచ్చి, పాత టూర్ కాగితాల వెనక పేరు రాస్తూ కూర్చునేది. ఒక్కో అక్షరాన్నీ ముగ్గు వేసినట్టు పెద్దగా, గుండ్రంగా తిప్పేది. కాగితం సగం ఆ సంతకానికే సరిపోయేది. ఇంత పెద్దగా పెడితే గడిలో పట్టదని నవ్వాను. తనూ నవ్వింది, కానీ చిన్నది చేయడం చివరిదాకా చేతకాలేదు.

బస్తీలో కుర్రాళ్లు వాళ్ల గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. సత్తెమ్మ అత్తకు విదేశీ ప్రయాణ శుభాకాంక్షలు అని. పాస్‌పోర్టు ఫొటోనే పెద్దది చేయించి, కింద పదిహేను మంది తమ ఫొటోలు వేసుకున్నారు. ఆ ఫ్లెక్సీ బొమ్మ నాకు ఫోన్లో చూపించినప్పుడు ఆవిడ మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. ఆవిడ జీవితంలో ఎవరైనా ఆవిడ పేరు అచ్చు వేయించడం అదే మొదలు.

వీసా వచ్చింది. ఆరుగురిదీ ఒకేరోజు వచ్చింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ప్రయాణం శుక్రవారం. సోమవారం వసుంధర గారు ఫోన్ చేశారు. రీల్స్ తీసే ఒకమ్మాయి దొరికిందట, ఆ అమ్మాయికి అర్జెంటుగా వీసా తీసి టికెట్ వెయ్యమన్నారు. మరి సత్తెమ్మ అంటే, "ఇద్దరిని ఎక్కడ మోస్తాం లావణ్యా? అక్కడ ఇండియన్ రెస్టారెంట్లు బోలెడున్నాయంటగా" అన్నారు.

అంతవరకు నాకేం ఆశ్చర్యం లేదు. సినిమావాళ్ల దగ్గర ఆఖరి నిమిషంలో మనుషుల్ని మార్చడం మామూలే. ఆ తర్వాతి మాటే మామూలుది కాదు. సత్తెమ్మకి ఇప్పుడే చెప్పొద్దన్నారు. చెబితే మొహం ముడుచుకుని పని మానేస్తుంది, దారికి కావలసిన పొడులు, పచ్చళ్లు, సకినాలు అన్నీ ఆవిడే చెయ్యాలి, అవన్నీ అయ్యాక శుక్రవారం మధ్యాహ్నం నువ్వే ఫోన్ చేసి వీసా రాలేదని చెప్పు అన్నారు. నువ్వు చెబితే నమ్ముతుంది అని కూడా అన్నారు.

నేను సరేనండీ అన్నాను. పెద్ద కస్టమరు, పది మందికి చెప్పే మనిషి. అంతే, అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

నాలుగు రోజులు సత్తెమ్మ ఆ వంటింట్లోంచి బయటికి రాలేదట. తను కూడా తినబోయే తిండి అనుకుంటూ వండింది. శుక్రవారం మూడింటికి వసుంధర గారి ఫోన్‌కి చేశాను. ఆవిడ స్పీకరు పెట్టి సత్తెమ్మకిచ్చారు. వీసా రాలేదు, ఆ దేశంవాళ్లు ఇవ్వలేదు అన్నాను. వెనక కుక్కరు కూత వినిపించింది.

"రేపొస్తదా బిడ్డా? రేపొస్తే ఎన్కకెళ్లి నేనొక్కదాన్నే వోత. జర చూడు" అంది.

చూస్తానన్నాను. అప్పుడు కూడా నా టేబుల్ మీద ఆవిడ వీసా కాగితం ఉంది. పాస్‌పోర్టు నా సొరుగులో ఉంది. అందరివీ ఒక కవర్లో పెట్టి డ్రైవరుకి పంపాను, ఆవిడది తప్ప.

శనివారం సాయంత్రం హనోయ్ నుంచి మా గైడు మిన్ మెసేజ్ పెట్టాడు. ఏడుగురు అతిథులు చేరారు, అందరూ క్షేమం అని. ఏడుగురేంటి అనుకుని చూసుకుంటే తప్పు నాదే. కొత్తమ్మాయి పేరు చేర్చి పంపిన జాబితాలో సత్తెమ్మ పేరు తీసేయడం మర్చిపోయాను. కాగితం చూసి లెక్క రాశాడులే అనుకుని, ఆరుగురే అని సరిదిద్ది పెట్టాను. సరే అని బొటనవేలు బొమ్మ పంపాడు. మర్నాడు మళ్లీ ఏడుగురు అనే రాశాడు. ఈ మనిషికి లెక్కలు రావని విసుక్కుని వదిలేశాను.

సోమవారం ఒక ఫొటో పంపాడు. అరచేతిలో రెండు సకినాలు. పెద్దావిడ ఇచ్చింది, చాలా బాగుంది, దీన్ని ఏమంటారు అని అడిగాడు. పెద్దావిడంటే వసుంధర గారే అనుకుని, పేరు రాసి పంపాను. ఆవిడకి నలభై రెండేళ్లని, పెద్దావిడంటే ఊరుకునే రకం కాదని నాకు అప్పుడు తట్టలేదు.

మంగళవారం సత్తెమ్మ కోడలు మంజుల మా ఆఫీసుకి వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు. తనెవరో చెప్పుకుని, "మా అత్త మంచిగ చేరిందా మేడం? ఫోన్ ఈడనే ఇడ్సిపెట్టి పోయింది, గాడ పని చెయ్యదన్నరట" అని అడిగింది.

సత్తెమ్మ ఇంటికి వెళ్లలేదన్నమాట. మరుక్షణం కారణం నాకే తోచింది. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ వేలాడుతుంటే ఏ మొహం పెట్టుకుని తిరిగొస్తుంది? ఏ చెల్లెలింట్లోనో ఆరు రోజులు గడిపి, విమానం దిగినట్టు దిగుతుంది. పాపం ఆవిడ పరువు నేనెందుకు తియ్యాలి అనుకున్నాను. అలా అనుకోవడం నాకూ సుఖంగానే ఉంది. నిజం చెబితే వీసా అబద్ధం కూడా బయటికొస్తుంది కదా.

బాగా చేరింది అన్నాను. నమ్మకం కుదరడానికి మిన్ మెసేజ్ తెరిచి, ఏడుగురు అనే అంకె చూపించాను. ఆ పిల్ల చేతులు జోడించి వెళ్లిపోయింది. నేను ఆ మాట అనకపోతే ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెట్టేవాళ్లు.

గురువారం మిన్ ఆఖరి మెసేజ్ వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆరుగురిని దింపాను, ఆకుపచ్చ చీర పెద్దావిడ వ్యాను ఎక్కలేదు, హోటల్ వంటగదిలో కూర్చుంది, పిలిస్తే చెయ్యూపింది, ఆవిడ టికెట్ వేరే రోజుకా అని. నాకు ఒళ్లు మండింది. నువ్వు తాగి పనిచేస్తున్నావా అని అడిగేశాను. అతనికి కోపమొచ్చి, హోటల్‌లో దిగినప్పుడు అతిథులు సంతకాలు పెట్టిన కార్డులు ఫొటోలు తీయించి మర్నాడు పంపాడు.

ఏడు కార్డులు. ఆరింటి మీద ఇంగ్లిషులో గీతలు. ఏడోదాని మీద తెలుగులో, గడి దాటి పక్క గడిలోకి పోయి, ముగ్గులాంటి అక్షరాలతో సత్తెమ్మ సంతకం. శనివారం తేదీ, సాయంత్రం టైము.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు భయమేసింది.

మిగతాది తర్వాత రెండు రోజుల్లో తెలిసింది. నిర్మాతగారి కుటుంబం వచ్చేసినా సత్తెమ్మ రాకపోయేసరికి కొడుకు, కోడలు ఆ ఇంటికి వెళ్లి అడిగారు. ఆవిడ అసలు మాతో రాలేదు, వీసా రాలేదు కదా అన్నారు వసుంధర గారు. వాళ్లు పోలీసుల దగ్గరికి పరిగెత్తారు. శుక్రవారం సంచీతో ఆ ఇల్లు దాటిన సత్తెమ్మ, ఇంటికి వెళ్లలేక బోరబండ రైల్వే స్టేషన్‌లో ఒక బెంచీ మీద కూర్చుంది. శనివారం పొద్దున ఊడ్చేవాళ్లు లేపబోతే లేవలేదు. గుండె ఆగిందన్నారు. దగ్గర పేరున్న కాగితం ఒక్కటి లేదు. ఉండాల్సిన ఒకే ఒక్కటి నా సొరుగులో ఉంది. గుర్తు తెలియని ఆడమనిషిగా తొమ్మిది రోజులు మార్చురీలో ఉంది.

కొడుకు ఒక్కడే లోపలికి వెళ్లి చూశాడు. మొహం చూసి చెప్పేలా లేదట. ఆకుపచ్చ చీర, గాజులు చూసి మా అమ్మే అన్నాడు. సంచీలో బట్టలు, ఒక స్టీలు డబ్బా ఉన్నాయి. దారిలో తినడానికని ఆ డబ్బా నిండా సకినాలు పెట్టుకుని వెళ్లిందట. దొరికినప్పుడు ఖాళీగా ఉంది.

వసుంధర గారికి ఫోన్ చేసి, అక్కడ మిన్‌కి సకినాలు మీరిచ్చారా అని అడిగాను. అసలు తీసుకెళ్తేగా అన్నారు. ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువైందని తిండి పెట్టెలన్నీ డ్రైవరుకిచ్చి పంపేశారట. సత్తెమ్మ సంగతికి అయ్యో పాపం అన్నారు. ఆ వెంటనే, ఈసారి ఆ గైడు మాత్రం వద్దు, ఎక్కడ తినడానికి కూర్చున్నా ఒక ప్లేటు ఎక్కువ పెట్టించాడు, చెబితే వినడు అన్నారు.

పదకొండో రోజు కర్మ అయ్యాక మంజుల వచ్చింది. ఈసారి చేతులు జోడించలేదు.

"మీరేమో చేరిందన్నరు. ఆ ఇంటి మేడమేమో రాలేదంటున్నరు. అబద్ధమెవరిది మేడం?"

ఆ క్షణంలో నేను చేసిన పనిని మిగతా అన్నిటికన్నా నీచమైనదనుకుంటాను. తప్పించుకోవడానికి నాకు ఒక్కటే కనిపించింది. ఆ కార్డు తీసి చూపించాను. నేను అబద్ధం చెప్పలేదు, ఇదిగో మీ అత్త సంతకం అన్నాను. మిన్ ఆఖరి మెసేజ్ కూడా చదివి వినిపించాను.

మంజుల ఆ సంతకం మీద వేలు పెట్టి మెల్లగా తిప్పింది. ఇంట్లో గోడ మీద, గ్యాసు బుక్కు మీద, పిల్లల నోటు పుస్తకాల మీద అంతటా ఇలాగే రాసేదంది. ఆ తర్వాత తలెత్తి అడిగింది.

"గట్లయితే మేం కాలవెట్టింది ఎవర్ని?"

దానికి జవాబు కూడా మంజుల తనే చెప్పుకుంది. ఆ పెద్దింటివాళ్లు తీసుకెళ్లి, అక్కడ వదిలేసి, ఇక్కడికొచ్చి తీసుకెళ్లలేదంటున్నారు. చీర చూసి మొగుడు పొరపడ్డాడు. అత్త ఇంకా ఆ హోటల్ వంటింట్లోనే ఉంది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుందా అని అడిగితే, నాకు తెలియదు అన్నాను. నా మోకాలికి ఆ సొరుగు తగులుతూనే ఉంది.

మిన్‌కి అన్నీ వివరంగా రాసి మళ్లీ అడిగాను. తను చూసింది చూసినట్టే చెప్పానని, కావాలంటే ఒట్టు వేస్తానని రాశాడు. హోటల్‌వాళ్లు వంటగదిలో అలాంటి మనిషెవరూ లేరన్నారు. ఆ కుటుంబం తీసిన వందల ఫొటోల్లో సత్తెమ్మ ఎక్కడా లేదు. కార్డు ఒక్కటే ఉంది. ఆ సంతకాన్ని అలా పెట్టడం ఆ దేశంలో ఎవరికి వస్తుందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ ఒక దారి కనపడలేదు.

మొన్న మంజుల మళ్లీ వచ్చింది. నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్ కార్డు తెచ్చింది. అత్తను వెతుక్కోవడానికి హనోయ్ వెళ్తుందట. ఇంట్లో మొగుడితో మాటలు లేవు, చచ్చిపోయిన మనిషి కోసం పిచ్చిదానిలా తిరుగుతున్నావని కొడుతున్నాడట. చేసుకున్న రెండిళ్ల పని కూడా పోయింది. పాస్‌పోర్టు అప్లికేషన్ నింపడం రాదు, మీరే నింపాలి మేడం అంది.

వద్దు అనాలంటే మొదటి నుంచి అంతా చెప్పాలి. కంప్యూటర్ దగ్గరికి కుర్చీ జరుపుకుని, పూర్తి పేరు చెప్పమన్నాను.