నల్లరేగడిలో ఆర్కిడ్

కాలే బొగ్గుల మీద చన్నీళ్ళు పడితే ఒక వాసన లేస్తుంది. వాన మట్టి వాసనంత హాయిగా ఉండదది. ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చున్నట్టు కాస్త ఘాటుగా, కాస్త దిగులుగా ఉంటుంది. మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ చేసే అతను బండి కట్టేస్తూ, పెట్టెలో మిగిలిన నిప్పుల మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాడు. చుయ్‌మని లేచిన ఆ ఆవిరి ముక్కుకు తగలగానే జగ్గయ్యపేటలో మేం అద్దెకున్న ఇల్లూ, పెరట్లో సిమెంటు గాబూ, దాని పక్కన కుచ్చెళ్ళు ఎగదోపుకుని గొంతుక్కూర్చున్న అమ్మా కళ్ళముందుకొచ్చారు. చుట్టుపక్కల నన్నెరిగిన వాళ్ళెవరూ లేకపోయినా మొహం వేడెక్కింది. ఆ వేసవి గుర్తొస్తే నాకు ఇప్పటికీ అంతే.

తొంభైల చివరి సంవత్సరాలవి. నాన్నకి నందిగామలో ఒక ఆఫీసులో గుమాస్తా పని. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో దిగేవారు. మా ఊళ్ళో వేసవి ఎండుమిర్చి ఘాటుతో మొదలయ్యేది. బస్తాల లారీ ఒకటి వీధిలోంచి వెళ్ళిందంటే ఇంటింటా తుమ్ములే. ఆ తర్వాత ముంజెలొచ్చేవి, వేలితో పొడిస్తే చల్లటి నీళ్ళు మోచేతిదాకా కారేవి. ఆవకాయ రోజుల్లో మామిడికాయ ముక్కలు తుడిచే పని పిల్లలది, తుడుస్తూ ఉప్పద్దుకుని తినేసే పని కూడా పిల్లలదే. మధ్యాహ్నాలు వడగాడ్పుకి తలుపులు మూసేసి, చీకటిగదిలో నేలమీద సుద్దముక్కతో గళ్ళు గీసి, చింతగింజలు అరగదీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం.

అమ్మది మంచి చెయ్యి అని వీధిలో పేరు. పగిలిన బకెట్లలో, అడుగుపోయిన నూనె డబ్బాల్లో కనకాంబరాలు, డిసెంబరాలు, నందివర్ధనం, మరువం, ఏది గుచ్చితే అది చివురేసేది. అమ్మ పుట్టిల్లు వత్సవాయి. అక్కడి పత్తిచేల నల్లరేగడి మట్టిని మా మామయ్య బస్సులో గోనెసంచికెత్తి పంపేవాడు. దాంట్లో చివికిన పేడ ఎరువు కలిపి, వేళ్ళతో పొడిపొడి చేసి, బిడ్డకి అన్నం కలిపినంత శ్రద్ధగా కుండీలు నింపేది. కొమ్మ అడగడానికి ఎవరొచ్చినా అమ్మ మొహం వెలిగిపోయేది. ఆమెకి ఉన్న గొప్ప అదొక్కటే, దాన్ని తలుచుకుంటే నాకూ గొప్పగానే ఉండేది.

మాకు రెండిళ్ళవతల శోభ ఆంటీ ఉండేది. వాళ్ళాయన సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. వాళ్ళది కేరళ. ఆవిడ తెలుగు ముద్దుముద్దుగా మాట్లాడేది, కొబ్బరినూనె వాసనతో, ఎప్పుడూ తడిగా ఉండే జుట్టుతో కనిపించేది. ఆవిడ వరండాలో ఒక ఆర్కిడ్ వేలాడుతుండేది. సన్నటి చెరుకుగడల్లాంటి కాడలు, వాటి కొసన ఊదారంగు పూలు. మా వీధిలో ఎవరూ అలాంటి పువ్వు చూసి ఎరగరు. ఆ ఏడు ఎండలు ముదరకముందే ఊరినించి కబురొచ్చింది, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని. ఆటో గుమ్మం ముందు ఆగి ఉండగా ఆంటీ ఆ కుండీ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

“అక్కా, ఇది మా అమ్మ ఇచ్చింది. నేను వచ్చేదాకా చూస్తారా? నీళ్ళు కొంచెమే చాలు.”

“మీరు నిశ్చింతగా వెళ్ళిరండి. నా పిల్లలా చూసుకుంటాగా,” అంది అమ్మ.

ఆటో మలుపు తిరిగాక అమ్మ కుండీలోకి తొంగిచూసి నిట్టూర్చింది. చుట్టూ చిల్లులున్న మట్టికుండీ. లోపల బొగ్గుముక్కలూ ఇటికముక్కలూ తప్ప చిటికెడు మట్టి లేదు. వేళ్ళు బయటికి వచ్చేసి గాల్లో వేలాడుతున్నాయి. “అయ్యో పాపం, దీనికి తిండేదే?” అంది నాతో. మర్నాడే పెద్ద కుండీ తెచ్చి, వత్సవాయి మట్టి నింపి, గాల్లో ఉన్న వేళ్ళన్నిటినీ జాగ్రత్తగా లోపలికి సర్ది, పైన ఎరువేసి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసింది. ఎండ మండుతోందని మధ్యాహ్నం కూడా ఒక చెంబు.

పూలు రాలాయి; కాలం తీరిందనుకున్నాం. తర్వాత ఆకులు పసుపెక్కి ఊడిపడ్డాయి. నున్నగా ఉండే కాడలు ఎండిన పొట్లకాయల్లా ముడతలు పడ్డాయి. దాహంగా ఉందనుకుని అమ్మ ఇంకా నీళ్ళు పోసింది. చివరికి కుండీలోంచి మురుగు వాసన రావడం మొదలైంది.

మాకు ఫోన్ లేదు. ఇంటివాళ్ళ మామ్మగారి హాల్లో ఉండేది, మాకు ఫోనొస్తే ఆవిడ కిటికీలోంచి కేకేసేది. శోభ ఆంటీ అప్పుడప్పుడూ చేసేది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తేది, నేను వెనకాలే. వాళ్ళమ్మ సంగతులు అయ్యాక అవతలినించి మొక్క గురించి అడిగినట్టుంది. అమ్మ ఒక్క క్షణం ఆగి, “బాగుందండి, చక్కగా ఉంది,” అంది. నేను అమ్మ మొహంలోకి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. మామ్మగారు మాత్రం ఇద్దరినీ చూసింది. ఆవిడ పొద్దున్నే మా పెరట్లోకొచ్చి, ఆ కుండీ చూసి, “ఇంక పారెయ్యవే, ఇది బతికేది కాదు,” అని వెళ్ళింది మరి.

ఆ తర్వాత వీధిలో తెలియడానికి ఎంతసేపు? అష్టాచెమ్మా దగ్గర ఒక పిల్ల చింతగింజలు గిలకరిస్తూ, “మీ అమ్మ శోభ ఆంటీ మొక్కని చంపేసిందంటగా, ఫోన్లోనేమో బాగుందని చెప్తందంటగా,” అంది. నాకు ఆట మధ్యలోంచి లేచి వచ్చేయాలనిపించింది, లేస్తే నిజమని ఒప్పుకున్నట్టవుతుందని కదలకుండా కూర్చున్నాను. ఇంటికెళ్ళాక అమ్మతో మాట్లాడబుద్ధి కాలేదు.

నాన్న వేరే దారి ఆలోచించారు. “ఇట్టాంటిదే ఇంకోటి కొనిపెడదాం. ఆవిడకేం తెలుస్తది?” అన్నారు. ఆదివారం ముగ్గురం బస్సెక్కి, నందిగామ, కీసర, కంచికచర్ల దాటి బెజవాడ వెళ్ళి, నర్సరీ నర్సరీ తిరిగాం. ఎక్కడా ఆ రంగు దొరకలేదు. తిరుగు బస్సులో అమ్మ కిటికీకి తల ఆనించి, “దొరక్కపోడమే మంచిదయింది,” అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే మొక్కని కుండీలోంచి బోర్లించింది. వేళ్ళన్నీ గోధుమరంగు గుజ్జు. పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చేది, లోపల దారప్పోగులాంటిది మిగిలేది. ఒకే ఒక్క వేరు, మట్టిలో సర్దుతున్నప్పుడు ఎలా తప్పించుకుందో, అంచు మీదుగా బయటే ఉండిపోయింది. అది తెల్లగా, కొస పచ్చగా, నిక్షేపంలా ఉంది. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

“నేను మట్టిలో పెట్టినయ్యన్నీ పోయినయ్యే. నా చెయ్యి పడందొక్కటే బతికింది.”

ఆ మాటతో నా కోపం ఎటుపోయిందో తెలియదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. అమ్మ కత్తెర నిప్పుమీద కాల్చి, కుళ్ళిన వేళ్ళన్నీ కత్తిరించి, కోసినచోట పసుపద్దింది. నాన్న ఇస్త్రీబండి దగ్గర్నించి బొగ్గులు తెచ్చారు. గాబు దగ్గర వాటిని నల్లనీళ్ళు పోయేదాకా కడిగాం. కొన్నిటిలో ఇంకా వేడి ఉండి చుయ్‌మనేవి. ఆంటీ ఇచ్చిన చిల్లుల కుండీలోనే మళ్ళీ బొగ్గుల మీద మొక్కని నిలబెట్టి, ఊగకుండా పాత చీరపేలికతో పుల్లకి కట్టి, గాబు పైన రేకుల నీడలో వేలాడదీసింది. నీళ్ళ తేమ కిందనించి తగిలేది. వడగాడ్పు కొట్టకుండా చుట్టూ తడిపిన గోనెపట్టా. పొద్దున ఒక్కసారి చేత్తో చిలకరించడమే. మళ్ళీ పోద్దామని చెంబు దాకా వెళ్ళిన చెయ్యిని అమ్మ వెనక్కి తీసుకోవడం నేను చూసేదాన్ని.

ఎండాకాలమంతా దానిలో ఏ మార్పూ లేదు. ఫోన్ వస్తే మాత్రం అదే జవాబు. తొలకరి పడి, రేకుల మీద చినుకుల చప్పుడు మొదలయ్యాక, ముడతలు పడ్డ కాడ మొదట్లో పెసరగింజంత పచ్చటి బుడిపె కనిపించింది. అది పిలకైంది. పిలక అడుగునించి మొలకెత్తిన పెసల తోకల్లా తెల్లటి వేళ్ళు దిగాయి. అమ్మ నన్ను బళ్ళోకి వెళ్ళనివ్వకుండా ఆపి మరీ చూపించింది.

ఆ రోజుల్లోనే శోభ ఆంటీ తిరిగొచ్చింది. వాళ్ళమ్మ పోయారు. నేరుగా మా ఇంటికే వచ్చి వరండాలో చాపమీద కూర్చుంది. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆంటీ గ్లాసు పట్టుకుని తాగకుండా చెప్పింది.

“మీతో మాట్లాడినప్పుడల్లా మా అమ్మకి చెప్పేదాన్ని అక్కా, నీ మొక్క బాగుందంట అని. నవ్వేది.”

అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళింది. కుండీ తెచ్చి ఆవిడ ముందు పెట్టి నిలబడింది. “నేను అబద్ధం చెప్పా శోభగారూ. మట్టిలో వేసి కుళ్ళబెట్టా. వేళ్ళన్నీ పోయినయ్యి. మీకు చెప్పడానికి నోరు రాలేదు.”

ఆంటీ వంగి కొత్త వేరుని వేలికొసతో తాకింది. కోప్పడుతుందని నేను తలుపు చాటుకి జరిగాను.

“చెప్పుండాల్సింది అక్కా,” అంది మెల్లగా. “ఏం చెయ్యాలో మా అమ్మ చెప్పుండేది. మంచంలో పడ్డాక తనని ఎవరూ ఏమీ అడగడం లేదని ఏడ్చేది.”

అమ్మ గోడకానుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

ఆంటీ మొక్కని తీసుకెళ్ళింది. మా ఇంటికి రావడం కొన్నాళ్ళు తగ్గింది గానీ మానలేదు. మరుసటేడు ఆ పిలక కాడై పూసినప్పుడు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అమ్మ గుమ్మంలోనే నిలబడి పూలు చూసి, కళ్ళు తుడుచుకుని వచ్చేసింది. తర్వాత వాళ్ళకి బదిలీ అయింది, మాకూ నందిగామ మకాం అయింది.

ఇప్పుడు ఆ పెరడు లేదు, గాబు లేదు. ఆ స్థలంలో షట్టర్ల కొట్లు లేచాయి. మామ్మగారు లేరు, ఆవిడ కిటికీలోంచి వేసే కేకా లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు నేలమీద గళ్ళు గీసే పిల్లలూ కనిపించరు. ఆర్కిడ్లంటారా, పెళ్ళి వేదికల నిండా అవే, తెల్లారేసరికి చెత్తబండిలో ఉంటాయి.

ఇస్త్రీబండి దగ్గర ఆ వాసన తగిలిన సాయంత్రమే అమ్మకి ఫోన్ చేశాను. శోభ ఆంటీ మొక్క గుర్తుందా అని అడిగాను.

“ఆవిడ పేరేంటో మనం అడగనే లేదు కదే,” అంది అమ్మ.

“ఎవరి పేరమ్మా? శోభ ఆంటీ కదా?”

“శోభ కాదే. వాళ్ళమ్మ పేరు.”