అక్క తెమ్మనింది

మా అపార్ట్‌మెంటులో దొంగతనం జరిగిందని మా ఆవిడ ఎవరికైనా చెప్పడం మొదలుపెడితే నేను మెల్లగా పక్క గదిలోకి తప్పుకుంటాను. ఎందుకంటే అది జరగలేదు, జరిపాం. ముందు చక్రం దొంగ ఎత్తిపట్టుకున్నాడు, వెనక నుంచి నేను పట్టుకున్నాను, ఇద్దరం కలిసి స్కూటరును జరుపుకుంటూ గేటు దాకా తీసుకెళ్ళాం. ఎండగా ఉందని మధ్యలో అతనికి మంచినీళ్ళు కూడా ఇచ్చాను.

నా ఉద్యోగం తెలిస్తే ఇది మరీ సిగ్గుచేటుగా ఉంటుంది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఇందుకూరుపేట నుంచో అల్లూరు నుంచో రైతు ఒక సీసా నీళ్ళు తెస్తే, అందులో ఒక చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, కంటికి కనపడని పురుగును పట్టుకుని "ఇదిగో, నీ రొయ్యల్ని తినేది వీడే" అని చూపిస్తాను. అంత చూపున్నవాణ్ణి, నిలువెత్తు మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే వాడెవడో పట్టుకోలేకపోయాను. బహుశా వాడు మరీ పెద్దగా ఉండటమే కారణం.

మేం అద్దెకుండేది నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే రోడ్డు మీద, ఊరు అయిపోయి వరిపొలాలు మొదలయ్యే చోట. ఇళ్ళన్నీ ఒక్క ఓనరువే. కింద వాటాలో ఆయన కాపురం, పైన మేమంతా అద్దెవాళ్ళం. అసోసియేషన్‌కు ప్రెసిడెంటూ ఆయనే, సభ్యుడూ ఆయనే. చేరేటప్పుడు సెక్యూరిటీ డిపాజిట్ అని తీసుకున్నాడు. డిపాజిట్ ఆయన దగ్గర భద్రంగానే ఉంది. సెక్యూరిటీ ఎక్కడ దాచాడో మాత్రం మాకెవరికీ తెలియదు. ఒక వాచ్‌మన్ ఉండేవాడు గానీ, కాళ్ళు వాచి సొంతూరు వెళ్ళిపోయాడు. వాచిన కాళ్ళు తగ్గి ఉంటాయి, మనిషి మాత్రం తిరిగి రాలేదు. గేటుకు గడియ ఉంది, తాళం లేదు. ఓనరు ఏం చెప్పినా అందరం తాళం వేసేవాళ్ళం. ఆ తాళాలన్నీ అక్కడే ఖర్చైపోయి గేటు దాకా రాలేదనుకుంటాను.

చిన్నచిన్నవి పోవడం మొదలై చాలా రోజులైంది. ముందు గుమ్మం ముందరి చెప్పులు. తర్వాత బండ్లలో పెట్రోలు. ఆ తర్వాత మిద్దె మీది ఇత్తడి కుళాయిలు. ప్రతిసారీ వెళ్ళి చెప్పేవాళ్ళం. గేటు పక్కన పేము కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటూ ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు.

"సముద్రం గాలి సామీ. గాలికి పొయ్యుంటాయి."

"ఇత్తడి కుళాయిలు కూడా గాలికేనా సార్?"

"ఈ గాలి నీకు తెలవదులే. నువ్వు ఆ పక్కనించి వచ్చినోడివి."

నేను కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినవాణ్ణి. నిజమే, అక్కడి గాలికి కుళాయిలు విప్పడం రాదు.

ఆ పక్క నుంచి వచ్చినవాణ్ణి కాబట్టే, ఇక్కడివాళ్ళు నన్ను "అన్నా" అని పిలిస్తే లోపల ఎక్కడో చల్లగా ఉంటుంది. ఆటో అతను అన్నా, పాలాయన అన్నా, నాకన్నా పెద్దవాళ్ళూ అన్నా. మా భవనంలో ఎవరికీ ఎవరి పేర్లూ తెలియవు, అవసరమూ పడలేదు. మగవాళ్ళందరం అన్నలం, ఆడవాళ్ళందరూ అక్కలు. మా పై వాటాలో ఉండే నర్సు కూడా నాకు అక్కే, ఆమెకు నేను అన్నను. ఎవరు పెద్దో ఇద్దరమూ తేల్చుకోలేదు.

ఆ నర్సక్క నెల్లూరులో ఒక ఆస్పత్రిలో పనిచేస్తుంది. తెల్లారేసరికి వార్డులో ఉండాలి. ఆ వేళకు మా రోడ్డు మీద బస్సూ ఉండదు, ఆటో ఉండదు. ఆమెకున్నది ఆ స్కూటరు ఒక్కటే. వెనక బ్రేకు వేస్తే అది పిల్లిని తొక్కినట్టు అరిచేది. రోజూ గేటు దగ్గర ఆ అరుపు వినే మేం లేచేవాళ్ళం. ఆదివారం మాత్రం ఆమె బండి తీయదు. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ ఆటోలో చర్చికి వెళ్తారు.

అలాంటి ఒక ఆదివారం పొద్దున నీళ్ళ డబ్బా కోసం కిందికి దిగాను. గేటు పక్కన ఓనరు కుర్చీ ఖాళీగా ఉంది, బయట ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను నర్సక్క స్కూటరు ముందు చక్రాన్ని ఎత్తలేక అవస్థపడుతున్నాడు.

"అన్నా, రొంత చెయ్యెయ్యన్నా. హ్యాండిల్ లాక్ పడుండాది. బీగం చెవి పొయ్యిందంట. మెకానిక్ కాడికి తీసకపోవాల."

"ఎవరు పంపారు?" అని అడిగాను. అడగలేదనకండి, అడిగాను.

"అక్క తెమ్మనింది."

అంతే. నా దర్యాప్తు ముగిసింది. ఏ అక్క అని అడగాలని తోచలేదు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అక్క అంటే అక్కే. పైగా నన్ను అన్నా అన్నాడు. నీళ్ళ డబ్బా పక్కన పెట్టి పంచె ఎగ్గట్టాను. బండిని ఆటోలోకి ఎక్కించి, తాడు కట్టడానికి కూడా సాయం చేశాను. తర్వాత, చేసిన మేలు సంపూర్ణం కావాలి కదా అని, ఇంకో మాట అన్నాను.

"తమ్ముడూ, వెనక బ్రేకు కీచుమంటోంది. పనిలో పనిగా అది కూడా చూపించు."

"అట్నేన్నా. చూపిస్తా."

ఆటో కదులుతుంటే చెయ్యి ఊపాను. అతనూ ఊపాడు.

చర్చి నుంచి వచ్చిన నర్సక్క, ఖాళీగా ఉన్న చోట నిలబడి పైకి చూసి పిలిచింది.

"అన్నా, నా బండి యాడన్నా?"

"మెకానిక్ తీసుకెళ్ళాడుగా అక్కా. నువ్వు పంపినవాడే."

"నేనెవుర్ని పంపినా?"

"తాళంచెవి పోయిందనీ..."

ఆమె చేతిసంచిలోంచి తాళంచెవి తీసి పైకెత్తి ఆడించింది. రెండో అంతస్తు దాకా వినిపించింది ఆ గలగల. కిందికి దిగి జరిగిందంతా చెప్పాను. బ్రేకు సంగతి కూడా దాచలేదు. ఆమె ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగి, "బ్రేకు గూడా చెప్పినావా?" అని ఒకసారి నవ్వి, మళ్ళీ ఏడ్చింది. ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఈ వారమంతా పొద్దుట డ్యూటీనే అన్నా. ముందే ఒకసారి లేటైతే పెద్ద సిస్టరమ్మ చెప్పుండాది, ఇంకోసారి లేటైతే మనిషిని మారుస్తానని. వార్డు కాదు, మనిషిని."

ఓనరు దగ్గరికి వెళ్ళి కెమెరాలో చూద్దామన్నాం. గేటు మీద ఒక సీసీ కెమెరా ఉంది. ఎర్రదీపం కూడా వెలిగేది. ఆయన పేపరు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"అందులో ఏం పడదు. ఊరికే బయటోళ్ళ భయానికి పెట్టినాం."

బయటివాళ్ళు ఎంత భయపడ్డారో నాకు తెలియదు. లోపలివాణ్ణి నేను భయపడ్డాను. ఇన్నాళ్ళూ దాని ముందు ముక్కు కూడా గోక్కోలేదు. సీసీ అంటే చూసీ చూడని కెమెరా అని ఆ రోజు అర్థమైంది.

"అయినా సామీ, మీరే దగ్గరుండి ఎక్కించి పంపిస్తే దొంగతనం ఎట్టవుతుంది?" అన్నాడు ఓనరు.

పోలీసు స్టేషన్‌లో నన్నే సాక్షిగా కూర్చోబెట్టారు.

"మనిషెట్టుంటాడన్నా?"

"చాలా మర్యాదగా ఉంటాడండీ."

"మర్యాద కాదు, ఆనవాళ్ళు చెప్పు. పేరేమన్నా చెప్పినాడా?"

"తమ్ముడు అన్నాను నేను. పలికాడు."

రాసుకుంటున్నాయన కలం పక్కన పెట్టి టీ తెప్పించాడు. నాకు కూడా.

మర్నాడు తెల్లారకముందే లేచి నర్సక్కను నా బండి మీద ఆస్పత్రిలో దింపి వచ్చాను. దారి పొడుగునా నేను బ్రేకు వేసినప్పుడల్లా అది నిశ్శబ్దంగా పడుతుంటే తప్పు చేసినట్టుండేది. రోజూ ఇలా దింపుతానని ఆమెకు చెప్పాను గానీ, చెరువుల వాళ్ళు కూడా ఆ వేళకే ల్యాబుకు వస్తారని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు సాయంత్రం ఆమె వరండాలో గిన్నెలు సర్దుకుంటుంటే ఫోను మోగింది. ఎవరో తెలియని గొంతు. నాకూ వినపడాలని స్పీకరులో పెట్టింది.

"అక్కా, మీ బండి రెడీ అయింది. షాపు కట్టేస్తుండా, వచ్చి తీసకపోండి."

"ఎవురు మాట్లాడేది?"

"ఇందుకూరుపేటలో మెకానిక్కుని. నిన్న మీ తమ్ముడు ఇచ్చిపొయినాడు గదా, బీగం మార్చమని, బ్రేకు చూడమని. రొంత బజారుకు పొయ్యొస్తానని పొయినోడు మళ్ళీ రాలా."

"నా నంబరెట్ట తెలిసింది నీకు?"

"బీగం మార్చినాక సీటు ఎత్తినా అక్కా. అమ్మా, ఏం వాసన! లోపల టిపను డబ్బా ఉండాది. మూత మీద నీ నంబరు కొట్టించినావు గదా. నెత్తళ్ళ చేపలిగురనుకుంటా. బండి సంగతి తర్వాత, ముందు ఆ డబ్బా తీసకపో తల్లీ, ఇక్కడ గిరాకీ నిలబడడంలా."

మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించడం మామూలే. ఆస్పత్రిలో డబ్బాలు తారుమారవుతున్నాయని నర్సక్క పేరుకు బదులు ఫోను నంబరు కొట్టించింది. శనివారం డ్యూటీ దిగి ఆ డబ్బాను సీటు కిందే మరిచిపోయింది. తాళంచెవి లేని దొంగకు సీటు తెరుచుకోలేదు.

మేం వెళ్ళేసరికి స్కూటరు తుడిచి పెట్టి ఉంది. డబ్బా మాత్రం షాపుకు చాలా దూరంగా, ఒక రాయి మీద ఉంది. పోలీసులు ఒక రోజంతా అక్కడ కాపు కాశారు గానీ, కంప్లైంటు సంగతి తెలిసిందో ఏమో, తమ్ముడు మళ్ళీ రాలేదు. బ్రేకు బిల్లు ఇస్తానని నేను పట్టుబట్టాను. అది నా ఆర్డరే కదా. నర్సక్క బండి ఎక్కి కొంచెం దూరం పోయి బ్రేకు వేసింది. చప్పుడే లేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి ఈసారి పూర్తిగా నవ్వింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఒక్కటే ఆలోచన. కుళాయిల గురించి చెప్పాను, గేటు గురించి చెప్పాను, తాళం గురించి చెప్పీ చెప్పీ అలిసిపోయాను. ఈ అపార్ట్‌మెంటు గేటు లోపల అడుగుపెట్టినవాళ్ళలో నా మాట విని, చెప్పింది చెప్పినట్టు చేయించినవాడు ఆ దొంగ ఒక్కడే.

ఓనరు మారలేదు. "బండి దొరికింది గదా, ఇంకా తాళమెందుకు?" అన్నాడు. నర్సక్క గొలుసు కొని స్కూటరును స్తంభానికి కట్టుకుంది. అయినా బండి ఉందో లేదోనని గంటకోసారి వరండాలోకి వచ్చి కిందికి చూసుకునేది. డ్యూటీకి కళ్ళు ఎర్రగా చేసుకుని వెళ్ళేది.

ఇప్పుడు ఆమె హాయిగా నిద్రపోతోంది. గేటుకు పెద్ద తాళముంది, ఇంటికొక చెవి ఉంది. ఓనరే సొంతంగా కొని వేయించాడు. ఆయన మనసు ఎలా కరిగిందో చెప్పి ముగిస్తాను.

మా ల్యాబులో నాతో పనిచేసే ఒకాయన ఉన్నారు. తెల్ల జుట్టు, తెల్ల చొక్కా, చూడగానే లేచి నిలబడాలనిపించే మనిషి. అల్లూరు నుంచి రోజూ వచ్చిపోతారు. విషయం చెప్పి, ఏం చేయాలో చెప్పాను. ఆయన ఆనందంగా ఒప్పుకున్నారు. తర్వాతి ఆదివారం పొద్దున బయట ట్రాలీ ఆటో ఆపి లోపలికి వచ్చారు. చర్చికి బయలుదేరిన నర్సక్క, వాళ్ళమ్మను తమ ఆటోలో కూర్చోబెట్టి, నాతోపాటు మెట్ల మలుపులో నిలబడింది. ఓనరు పేము కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"అన్నా, రొంత లెయ్యన్నా. ఈ కుర్చీ అక్క తెమ్మనింది."

ఓనరు లేచాడు. లేచి, "ఎందుకంట?" అన్నాడు.

"అల్లిక వదులైందంట గదా. బాగుజేపిచ్చక రమ్మనింది."

"అవును సామీ, నేనూ చెప్తానే ఉండా." పేపరు చంకలో పెట్టుకుని ఆయనే ఒక పక్క పట్టాడు. ఆటో ఎక్కించాక వెనక నుంచి కేకేశాడు. "ఇదో, ఎనక కాలు గూడా ఊగతా ఉండాది. పనిలోపని, అది గూడా చూపించు!"

నర్సక్క చెంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూలబడింది.

సాయంత్రం నేను కిందికి దిగేసరికి ఆయన గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. ప్రెసిడెంటుగారికి కుర్చీ పోయింది. కుర్చీ పోయినవాళ్ళు మళ్ళీ నిలబడటం మన దగ్గర కొత్తేమీ కాదు గానీ, పలకరించకుండా పోతే బాగుండదు.

"ఏంది సార్, నిలబడ్డారు?"

"కుర్చీ యాడికో పొయ్యిందబ్బయా. మా ఇంట్లో ఆమెనడిగితే నేనెవుర్నీ తెమ్మన్లేదంటుండాది."

"మరి తీసుకెళ్ళినవాణ్ణి అడగలేదా, ఎవరు పంపారని?"

"అడిగినా. అక్క తెమ్మనిందన్న్యాడు."

"ఏ అక్క సార్?"

ఆయన చేతిలో పేపరు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. కాలు బాగై, అల్లిక బిగిసిన ఆ కుర్చీ, ఆయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడే వచ్చి మా ఇంట్లో తలుపు వెనక చేరింది. మర్నాడు గేటు పక్కనే పెట్టేశాను. కానీ ఆ సాయంత్రం మాత్రం, ఆయన భుజం మీద చెయ్యి వేసి, పొలాల మీదుగా వస్తున్న చల్లటి గాలి వైపు చూపించాను.

"సముద్రం గాలి సార్. గాలికి పోయుంటుంది."