ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు

డొంకరాయి కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం చేసిన రోజుల్లో కంప్యూటర్లన్నీ నా చేతుల మీదుగానే నడిచేవని అరకులోయ టీ కొట్టులో కూర్చునే ప్రతివాడికీ చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది. పొద్దున తలుపు తీసేవాణ్ణి, ఏసీ వేసేవాణ్ణి, సాయంత్రం తాళం పెట్టేవాణ్ణి. మధ్యలో ఆ గదిలో ఏం జరిగేదో నాకు తెలియదు.

కిందటేడు సంతకు వెళ్లే దారిలో ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. ప్రోగ్రామింగ్ ఉచితంగా నేర్పి, చివర విశాఖపట్నం తీసుకెళ్లి సర్టిఫికెట్ పరీక్ష రాయిస్తామని బోర్డు కట్టారు. వయసుతో పని లేదని కింద రాసి ఉంది. అది నన్ను చూసి రాసిన మాటే అనిపించింది. డెబ్భై దాటిన మనిషి పరీక్ష పాసైతే పేపర్లో ఫొటో వేస్తారు కదా. ఆ ఫొటోకు ఏ చొక్కా తొడుక్కోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. పేరు ఇచ్చిందే దానికోసం.

కేంద్రంలో కంప్యూటర్లు తక్కువ, వచ్చినవాళ్లు ఎక్కువ. అందుకని ఒక్కో కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసి ఇద్దరేసి కూర్చోబెట్టారు. ఒకరు ఇంటి దగ్గర పాఠం చదువుకొచ్చి రెండోవారికి చెప్పాలి, రెండోవారు టైపు చేయాలి. నా పక్కన కూర్చున్న అమ్మాయి కొండ మీది ఊరి నుంచి షేర్ జీపులో వచ్చేది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. భర్త లేడు. మూడేళ్ల పాప ఉంది. కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని ఉందని, ఈ సర్టిఫికెట్ ఉంటే తనని తీసుకుంటారని మొదటి రోజే చెప్పింది. అది దొరక్కపోతే ఆడపడుచుతో కలిసి సముద్రం ఒడ్డున రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లాలి. అక్కడి హాస్టల్లో పాపను ఉండనివ్వరు. అత్త దగ్గర వదిలి వెళ్లాలి.

“ఇంగ్లీసు పుస్తకం నాకు కొరుకుడు పడదు తాతా. నువ్వు సదివి సెప్పు, నేను కొడతాను,” అంది.

“ఈ పుస్తకం రాసినవాడు ఎదురుపడితే వాడి తప్పులు నేను దిద్దగలను. నువ్వు దిగులు పడకు,” అన్నాను.

ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి తెరిచిన మాట నిజం. తెరిచి, అందులో డిటెక్టివ్ నవల పెట్టుకున్నాను. పాత సామాను కొనేవాడి దగ్గర ఒక గోనె సంచి నిండా అలాంటి నవలలు తూకానికి కొన్నాను. పేజీలు పచ్చబడ్డాయి, కొన్నింటికి అట్టలు లేవు. అరుగు మీద కూర్చుంటే, దారిన పోయేవాళ్లకు పైన ప్రోగ్రామింగ్ పుస్తకం కనిపించేది. “పెద్దాయన ఎంత కష్టపడుతున్నాడో,” అనుకునేవారు. నేను లోపల ఒక జమీందారుకు విషం పెట్టినవాణ్ణి వెతుకుతూ ఉండేవాణ్ణి. మా ఆవిడకు తెలుసు. పాఠాలు చదివేవాడు అన్నం తినే వేళ మరిచిపోడని ఆమె లెక్క. నేను మరిచిపోతున్నాను.

పొద్దున్నే ఆ అమ్మాయి పక్కన కూర్చోగానే పాఠం చెప్పాలి. పేజీ మీద పెద్ద అక్షరాలు చూసి, మిగతాది నోటికొచ్చినట్టు చెప్పేవాణ్ణి. ‘రిటర్న్’ అంటే కిరండూల్ రైలు తిరిగి వచ్చినట్టు ప్రోగ్రాము మళ్లీ మొదటికి రావడం అన్నాను. ఒక పని అప్పగిస్తే దాని ఫలితం తెచ్చి మన చేతిలో పెట్టడం అని తర్వాతెప్పుడో చదివాను. జాబితాలో మొదటిదాని నంబరు ఒకటి అన్నాను. ఆ భాషలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఒక పాఠం మరీ పొడుగ్గా ఉంటే, అది పరీక్షలో రాదన్నాను. ఆమె తల ఊపుతూ అన్నీ రాసుకునేది.

టైపు చేసినప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి.

“ఇదేటి తాతా, మళ్లీ తప్పంతాది?”

“కరెంటు సరిగ్గా లేదు.”

“లేపోతే లైటు ఎలాగ ఎలుగుతంది?”

“లైటుకు కాస్త ఉంటే చాలు. కంప్యూటరుకు నిండా కావాలి.”

నవ్వుతూనే చెప్పాను. ఆమె నమ్మింది. నేర్పే మాస్టారు మా వైపు వస్తే, “మాకు అంతా బాగుంది బాబూ, వెనక వాళ్లను చూడండి,” అని పంపేసేవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తుంటే, అన్నిటికంటే నాకు తల ఎత్తనివ్వనిది ఆ మాటే. ఆయన్ని రెండు నిమిషాలు నిలబడనిచ్చి ఉంటే ఆమె బతికిపోయేది.

అసలు పరీక్షకు ముందు కేంద్రంలోనే వంతులవారీగా ఒక్కొక్కరికీ మాదిరి పరీక్ష పెట్టారు. అందరికంటే తక్కువ మార్కులు ఆమెకు వచ్చాయి. నేను పక్కవాళ్ల తెర చూసి గట్టెక్కాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

శుక్రవారం సంతలో కనిపించింది. అత్తతో కలిసి చిక్కుడుకాయలు పోసుకుని కూర్చుంది. పాప గంపలో నిద్రపోతోంది.

“ఏమ్మా, క్లాసుకు రావడం లేదు?” అన్నాను.

“నాకు బుర్ర నేదు తాతా,” అంది. “నువ్వంత బాగా సెప్తే కూడా ఎక్కనేదు. రొయ్యలకే ఎల్లిపోతాను. మా ఆడపడుచు బేగి రమ్మంతంది.”

“పెద్దాయన సెప్తేనే రానేదంటే ఇంకేటి సేత్తాం బాబూ,” అంది అత్త.

అక్కడ కూడా ముందు నా అలవాటే నోట్లోంచి వచ్చింది. కళ్లు సరిగ్గా కనబడలేదని, డాక్టరు చదవొద్దన్నాడని మొదలుపెట్టాను. ఆ అమ్మాయి తన కొంగు చివరతో పాప ముఖం మీద ఈగలు తోలుతూ, “అయ్యో తాతా, నాకోసం కళ్లు పాడు సేసుకున్నావు,” అంది.

ఆ మాట విన్నాక ఇక అబద్ధం ఆడలేకపోయాను. పాఠాలు చదవలేదని, జమీందారుకు విషం పెట్టినవాణ్ణి వెతికే నవల చదువుతూ కూర్చున్నానని, చెప్పింది చాలావరకు కల్పించిందేనని, ఎర్ర అక్షరాలకు కరెంటుతో సంబంధం లేదని, చుట్టూ బేరాలాడేవాళ్లు వింటుండగానే చెప్పేశాను.

ఎదురుగా ఉన్న మనిషికి ఆమె చిక్కుడుకాయలు తూచి సంచిలో పోసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“ఏవేవి అబద్దాలో అవి సెప్పు. అవి తీసేసి, మిగతావి ఉంచుకుంతాను.”

వేళ్ల మీద లెక్కపెట్టబోయాను. రెండో వేలి దగ్గరే లెక్క తప్పింది.

“ఏది పుస్తకంలోదో, ఏది నేను చెప్పిందో నాకే తెలియదమ్మా.”

“ఓలమ్మా,” అంది అత్త. “పున్నేనికి సెప్తన్నాడనుకున్నాం.”

“ఆ నవల్లో విషం ఎట్టినోడెవడో తెలిసిందా?” అంది అమ్మాయి.

“తెలిసింది.”

“అయితే నీ సదువు అయిపోనాది. ఎల్లు తాతా.”

వెళ్లాను, కానీ ఇంటికి కాదు. మాస్టారు దగ్గరికి వెళ్లి ఇదంతా మళ్లీ చెప్పాను. ఆయన ఆమెను పిలిపించి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉన్న కొద్ది రోజుల్లో ఆయన చేయగలిగింది చేశాడు. నేర్చుకున్నది మరిచిపోయి మళ్లీ నేర్చుకోవడం మొదటిసారి నేర్చుకోవడం కంటే కష్టమట. విశాఖపట్నంలో ఆమె కాస్తలో తప్పింది. ఏ ప్రశ్నలు తప్పాయో నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

నేను పరీక్ష రాయలేదు. చిన్నవాళ్లకు చోటు వదిలేశానని టీ కొట్టులో చెప్పాను. భయమేసి మానేశాను.

ఆమె సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయింది. పాప అత్త దగ్గర ఉంది. సంఘం వాళ్లు తర్వాతి పరీక్ష దాకా ఆ పనిలోకి ఎవరినీ తీసుకోబోమని చెప్పారు. ఆ మాట పట్టుకుని ఆమెకు ఫోన్ చేశాను. రోజూ ఒక పాఠం చదివి, వాట్సాప్‌లో నా గొంతు పంపుతానన్నాను. ఆమె వెనక యంత్రాలు చప్పుడు చేస్తున్నాయి.

“సదువు,” అంది. “నువ్వు మాత్రం ఏటీ కలపకు. పేజీ ఫొటో కూడా ఎట్టు.”

పంపుతున్నాను. పొద్దున్నే కాఫీ తాగి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, దాని అర్థం తెలుగులో చెబుతాను. తెలియని చోట తెలియదనే చెబుతాను, ఆ ప్రశ్న మాస్టారుకు పంపుతాను. తెలియదు అన్న మాట మాత్రం అరుగు మీద కాకుండా లోపలికి వెళ్లి రికార్డు చేస్తున్నాను. నవలలు మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. పాఠం పంపాకే సంచి తెరుస్తున్నాను, అంతే.

ఆమె ముందు ఫొటో చూస్తుంది. పేజీలో ఉన్న మాటా నేను చెప్పిన మాటా ఒకటేనా అని సరిపోల్చుకుంటుంది. నిన్న మొదటిసారి తిరిగి మాట పంపింది. ఆరో వాక్యంలో ఒక ముక్క వదిలేశాను, అది చదవమంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నిజమే, వదిలేశాను. చదివి పంపాను.