ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో నన్ను నందిగామ వేశారు. హోదా హెడ్ కానిస్టేబుల్. పని ఆర్మరర్, అంటే పోలీసు ఆయుధాల తనిఖీ, మరమ్మతు. అక్కణ్ణుంచి జగ్గయ్యపేట దాకా ఉన్న తుపాకులన్నీ నా ఒక్కడి మీదే ఉండేవి. రెండో ఆర్మరర్ పోస్టు ఎప్పుడూ ఖాళీయే.

మరుసటి ఏడు వార్షిక ఫైరింగు జగ్గయ్యపేట అవతల కొండవార పెట్టారు. చిల్లకల్లు వైపు చెక్‌పోస్టులో పనిచేసే కానిస్టేబుల్ సుజాత చేతిలోని, తనంతట తానే తర్వాతి తూటా ఎక్కించుకునే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ రెండో గుండుకే ఆగిపోయింది. పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి రాక లోపలే ఇరుక్కుంది. ఆయుధం శుభ్రంగా ఉంచలేదని ఇన్‌స్పెక్టర్ గారు అక్కడికక్కడే ఆమెకు మెమో రాయమన్నారు. ఆ మెమో నిలిస్తే ప్రమోషన్ లిస్టులోంచి ఆమె పేరు పోతుంది.

“రోజూ తుడుస్తున్నానండి. కావాలంటే విప్పి చూడండి,” అందామె.

ఆయన నా వైపు తిరిగి, “ఇన్ని సామాన్లు పెట్టి చేస్తే ఇంతేనయ్యా. పాత బోల్టు రైఫిలే నయం, చేత్తో లాగితే వచ్చుద్ది, నొక్కితే పేలుద్ది. అది కూడా రిపోర్టులో రాయి,” అన్నారు.

పట్టా పరిచి రైఫిల్ విప్పాను. గొట్టం అద్దంలా ఉంది. పేలుడు గ్యాసు పోయే దారిలో మసి లేదు. తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు విప్పాక తెలిసింది. ఖాళీ తొడుగును పట్టి లాగే గోరంత కొక్కేన్ని ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. దాని స్ప్రింగు చచ్చిపోయి ఉంది. ఆ భాగం కానిస్టేబుళ్లు విప్పకూడదు, ఆర్మరరే విప్పాలి. పాత బోల్టు రైఫిల్లోనూ ఆ కొక్కెం ఉంటుంది, అది అరిగినా తొడుగు ఇరుక్కుంటుంది.

తనిఖీ పుస్తకం తెప్పించాను. రెండు నెలల ముందు ఆ రైఫిల్ నంబరు ఎదురుగా ‘సరిగా ఉంది’ అని సంతకం చేసింది నేనే. ఆ రోజు చందర్లపాడు పని ముగించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నడుం పట్టేసింది. బోల్టులు లాగి వదిలాను తప్ప ఒక్కటీ విప్పలేదు.

రిపోర్టులో అదే రాశాను.

ఇన్‌స్పెక్టర్ గారు చదివి, “రిటైరయ్యే ముందు నీకెందుకయ్యా ఇది?” అన్నారు.

“సంతకం నాదేనండి,” అన్నా.

ఆమె మెమో రద్దయింది. నాకు మందలింపు పడింది. రెండో ఆర్మరర్‌ని మాత్రం వెయ్యలేదు.

భాగాలు ఎక్కువైతే తుపాకి చెడుతుందా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. భాగాలు పెరిగితే విప్పి చూడాల్సిన చోట్లు పెరుగుతాయి. చూసేవాడికి అంత సమయం ఇవ్వకపోతే చెడుతుంది. ఆ తర్వాత రోజుకు ఎన్ని విప్పగలిగితే అన్నిటికే సంతకం పెట్టాను. మిగతావాటి ఎదురుగా ‘చూడలేదు’ అని రాశాను.