పొదిలిలో ఒక మాట, మార్కాపురంలో ఒక మాట

మేము అమ్మే టూల్ ఒక్కటే. ప్రోగ్రామర్ తన కంప్యూటర్‌లో రాసుకున్న వెబ్‌సైటును అందరూ చూసేలా ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది, అది పడిపోకుండా చూసుకుంటుంది. అంతకు మించి ఏమీ చేయదు. అయినా ఆ రోజు పొద్దున మా ఇంటి నడవలో మూడు సంచులు కట్టి ఉన్నాయి.

పొదిలి సంచిలో డైరీలు, పెన్నులు. అవి పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసే వాళ్ళకు. అంటే పాత పద్ధతిలో దుకాణాలకూ కల్యాణ మండపాలకూ ఏళ్ళ తరబడి సైట్లు చేసిపెడుతున్న వాళ్ళకు. మార్కాపురం సంచిలో నల్లటి స్టిక్కర్లు. అవి జావాస్క్రిప్ట్ రాసే ఇంజినీరింగ్ పిల్లలకు, లాప్‌టాప్ మూత మీద అంటించుకోవడానికి. గిద్దలూరు సంచిలో పేరు కోసం ఖాళీ వదిలిన సర్టిఫికెట్లు. అక్కడ జావా నేర్పే ట్రైనింగ్ సెంటర్ ఉంది, పేరు దగ్గరే అయినా అది జావాస్క్రిప్ట్ కాదు, వేరే భాష. వాళ్ళకు భద్రత గురించి, పెద్ద కంపెనీల గురించి చెప్పాలి. స్లైడ్లు కూడా మూడు రకాలే. పొదిలివి తెల్లగా ఉంటాయి, ధర మొదటి పేజీలోనే కనిపిస్తుంది. మార్కాపురానివి నల్లగా ఉంటాయి, ధర ఎక్కడో చివర్లో వస్తుంది.

ప్రతి దాంట్లోనూ ఒక వెక్కిరింపు స్లైడు తప్పనిసరి. ఎదురుగా కూర్చున్న వాళ్ళను మెచ్చుకోవడం కంటే అక్కడ లేని వాళ్ళను వెక్కిరిస్తే ఎక్కువ మంది చేరతారని మా కంపెనీ నమ్మకం. ఇంగ్లీషులో వచ్చిన ఆ మాటలను తెలుగులోకి దించడం నా పని.

మా మేనేజర్‌ది గుంటూరు వైపు. బెంగళూరులో కూర్చుని ప్రతి మీటింగునూ వీడియో కాల్‌లో చూస్తాడు. "మాట మార్చొద్దు బ్రదర్. ఏ ప్రోగ్రామర్ల కమ్యూనిటీ దగ్గర ఏ మాట పనిచేస్తుందో చూస్తున్నాం. నువ్వు సొంత కవిత్వం కలిపితే అంతా పాడవుతుంది" అని ముందే చెప్పాడు. నా ప్రొబేషన్ ఆ వారంతో అయిపోతుంది. మూడు మీటింగులూ సరిగ్గా జరిగితే ఉద్యోగం ఖాయం, మార్కాపురంలో మా ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు. లేకపోతే మళ్ళీ బెంగళూరు, నలుగురు పడుకునే గది, ఇంటర్వ్యూలు. ఒకసారి అవన్నీ చూసి వచ్చినవాణ్ణి కాబట్టి నా భయానికి ఊహతో పని లేదు.

పొదిలిలో మీటింగు ఒక మొబైల్ దుకాణం పైగదిలో. ఆ గది ఇచ్చినాయన కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు, ఆ చుట్టుపక్కల దుకాణాల సైట్లు చాలావరకు ఆయన చేసినవే. మా అమ్మ పుట్టిల్లు ఆయన సొంతూరి వైపే, బేస్తవారిపేట దగ్గర అని తెలిసిన నిమిషానికి నేను ఆయనకు అల్లుణ్ణయిపోయాను.

"అట్లయితే నేను నీకు మామను. టీ తాగకుండా సైట్లూ గియిట్లూ మాట్లాడగాకు" అన్నాడు.

వెక్కిరింపు స్లైడు బాగా పేలింది. ఒక చిన్న బటన్, దాని వెనక సరుకుతో నిండిన లారీ. కింద, 'ఒక్క బటన్ కోసం లారీ సరుకు దింపుకునే పిల్లలతో మీకు పోటీయా?' అని ఉంది. జావాస్క్రిప్ట్ పిల్లలు ప్రతి చిన్న పనికీ వేరేవాళ్ళు రాసిన కోడు కుప్పలుగా తెచ్చుకుంటారని ఎత్తిపొడుపు. మామ బల్ల చరిచి నవ్వాడు. ఫోన్ తీసి ఫోటో కొట్టాడు.

"ఇది మా ఇంట్లో చూపియ్యాల్సిందే. అల్లుడూ, నా సైట్లన్నీ నీ దాంట్లోకే ఎక్కిస్తా పో."

కాల్‌లో మేనేజర్ బొటనవేలు ఎత్తి చూపించాడు. బస్సులో మార్కాపురం వెనక్కి వస్తూ, ఒకటి అయింది, ఇంకా రెండు అనుకున్నాను.

మధ్యాహ్నం కాలేజీ సెమినార్ హాల్లో లాప్‌టాప్ పెట్టి కాల్ కలిపాను. పిల్లలు స్టిక్కర్ల మీద పడ్డారు. మొదలుపెట్టబోతుంటే తలుపు తీసుకుని మామ వచ్చాడు.

"ఏం అల్లుడూ, నీ బస్సు వెనకాలే ఇంకో బస్సెక్కినా. మా పాప ఈడనే చదువుతాది. దాని పక్కన కూర్చుంటాలే, నువ్వు కానీ."

మూడో వరసలో ఒక అమ్మాయి పక్కకు జరిగి చోటిచ్చింది.

మార్కాపురం వెక్కిరింపు స్లైడు మీద ఒక పాత స్కూటర్ బొమ్మ ఉంటుంది. దాని కింద రాసింది, 'ఇంకా మీ నాన్న కాలం కోడేనా?'

మాట్లాడుతూనే లోపల దారులు వెతుక్కున్నాను. స్లైడు దాటేస్తే మేనేజర్‌కు తెలుస్తుంది. మామను బయటికి పంపడానికి సాకు లేదు. చూపించి, ఆయన చదవకూడదని దేవుడికి మొక్కుకోవచ్చు, కానీ అక్షరాలు గోడంత ఉంటాయి. ఈలోపు ఆ అమ్మాయి తన ఫోన్ పక్క అమ్మాయికి ఇచ్చింది. పక్కమ్మాయి చూసి నా వైపు చూసింది, వెనక్కి అందించింది. ఫోన్ వరస వెంబడి వెళ్తోంది. అందులో ఏముందో నాకు తెలుసు. పొద్దున మామ కొట్టి కూతురికి పంపిన లారీ ఫోటో.

తర్వాతి స్లైడు స్కూటరే అనగా కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఆరింది, ఫ్యాన్లు ఆగాయి. నా లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద వెలుగుతోంది, కాల్ నా ఫోన్ నెట్ మీద నడుస్తోంది. తెర ఆరింది, ఈ గొడవలో మేనేజర్ కూడా గమనించడులే అని బటన్ గబగబా నొక్కి స్కూటర్‌ను దాటించేశాను.

ఫ్యాన్ల చప్పుడు లేని ఆ హాల్లో లాప్‌టాప్ లోంచి మేనేజర్ గొంతు ఖంగుమని వినిపించింది. "బ్రదర్, ఒకటి దాటేశావ్. ఆ స్కూటర్ స్లైడు. వెనక్కి వెళ్ళు."

"స్కూటర్ ఏంది అల్లుడూ?" అన్నాడు మామ. "చూపిచ్చు, మేమూ చూస్తాం."

బయట జనరేటర్ మొదలైంది. ప్రొజెక్టర్ మెల్లగా వెలిగింది. వెనక్కి వెళ్ళక తప్పలేదు. పైకి చదివి వినిపించాల్సిన వాక్యాన్ని నేను చదవలేదు. వెనక వరసలో ఇద్దరు నవ్వబోయి ఆగిపోయారు. మామే పైకి చదివాడు, ఒక్కో మాటా విడగొట్టి.

"ఆ నాయన నేనే గదా" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు, కానీ పొద్దున బల్ల చరిచిన నవ్వు కాదు. ఆయన కూతురు లేచి నిలబడింది. తిరిగి తిరిగి వచ్చిన ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"అన్నా, పొద్దున పొదిలిలో మా మీద ఇది చూపిచ్చినావు. ఇప్పుడు ఈడ మా నాయన మీద అది. మా ఇంట్లో ఉండేది ఒకటే లాప్‌టాప్. సెలవుల్లో పగలంతా నాయన పీహెచ్‌పీ రాస్తాడు, సాయంత్రం నేను జావాస్క్రిప్ట్ రాస్తా. ఆయన సైట్లు చెడిపోతే నేనే బాగుచేస్తా. ఆ లాప్‌టాప్‌కు స్టిక్కర్ అంటియ్యాల్నా, పక్కన డైరీ పెట్టాల్నా?"

"రెండూ ఇయ్యన్నా, ఎట్లా ఫ్రీనే గదా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా గోల.

మామ చెయ్యెత్తాడు. "ఉండండ్రా. అల్లుడూ, నవ్వులాట సరే. నేను పొద్దున నీకు మాటిచ్చినా. ఆ సైట్లను నమ్ముకొని దుకాణాలోళ్ళు ఉండారు, వాళ్ళను నమ్ముకొని నేను ఉండా. ఇది నా పాత కోడుకు పనికొస్తాదా, రాదా? నా కోసమని ఒకటొద్దు, పిల్లోళ్ళ కోసమని ఇంకోటొద్దు. ఉండేది చెప్పు."

లాప్‌టాప్ మూలన మేనేజర్ పంపిన మెసేజ్ మెరిసింది. 'తర్వాతి స్లైడుకు వెళ్ళు.'

వెళ్ళలేదు. ఉన్నది చెప్పాను. కొత్తగా రాసే జావాస్క్రిప్ట్ సైట్లకు ఇది బాగా పనికొస్తుంది. పాత పీహెచ్‌పీ సైట్లు కూడా నడుస్తాయి కానీ వాటి సమాచారాన్ని వేరేచోట దాచుకోవాలి, దాని కాపీలు మనమే తీసుకుంటూ ఉండాలి. ఉచిత ఖాతాలో కాసేపు ఎవరూ చూడకపోతే సైటు నిద్రపోతుంది, ఆ తర్వాత మొదట వచ్చినవాడు అది మేలుకునే దాకా ఎదురుచూడాలి. ఇవన్నీ టూల్ ఎలా వాడాలో వివరించే మా వాడుక పేజీల్లో రాసి ఉన్నాయి. మూడు రకాల స్లైడ్లలో ఒక్కదాంట్లోనూ లేవు.

"పెండ్లి మండపం సైటు నిద్రపోతే పెండ్లోళ్ళు పక్క మండపానికి పోతారు" అన్నాడు మామ. "నాది ఇప్పుడే వద్దులే. పాపది ఎక్కిస్తాం. చూసి చెప్తా."

ఆ తర్వాత పిల్లలు చాలాసేపు ప్రశ్నలడిగారు. జవాబులు చెబుతూనే లాప్‌టాప్ వైపు చూశాను. మేనేజర్ కదలకుండా వింటున్నాడు.

హాలు ఖాళీ అయ్యాక ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"పొదిలి పోగొట్టావ్. ఎందుకు చెప్పావ్ అదంతా?"

"అడిగారు సార్."

"గిద్దలూరులో అడగరు. రేపు స్లైడ్లు ఉన్నవి ఉన్నట్టు చెప్పు. అది బాగా వస్తే నీ కాగితం మీద సంతకం పెడతా. లేకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు."

కాలేజీ గేటు ముందు మామ టీ తాగుతున్నాడు. నాకూ ఒకటి చెప్పాడు. "గిద్దలూరులో నువ్వు పోయే సెంటర్ ఎవరిదనుకున్నావు? మా తోడల్లుడిది. ఆడ ఎవరి మీద పెట్టినావు బొమ్మ?"

ఫోన్‌లో తీసి చూపించాను. పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ రెండూ ఆటబొమ్మలుగా, వాటి ముందు కోటు వేసుకున్న జావా మనిషి.

"ఓహో, ఈసారి మా తండ్రీకూతుర్లను ఒకేదాంట్లో ఏసినావే" అన్నాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు. రేపు ఏం చెప్పమనీ, ఏం చెప్పవద్దనీ అనలేదు.

మర్నాడు పొద్దున బస్సు బేస్తవారిపేట, కంభం దాటి కొండల వైపు తిరిగే దాకా ఆ స్లైడు తీయడమా వద్దా అని తేల్చుకోలేకపోయాను. కమ్యూనిటీలు వేరువేరని మా కంపెనీ కాగితాల్లో గీతలు గీసి ఉన్నాయి. అవి గీసినవాళ్ళకు తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. నేను ఇక్కడివాణ్ణి. మార్కాపురంలో చెప్పిన మాట ఏ బస్సెక్కి ఎక్కడ దిగుతుందో తెలిసి కూడా మూడు సంచులు కట్టుకున్నాను. గిద్దలూరు బస్టాండులో దిగే ముందు సీట్లోనే లాప్‌టాప్ తెరిచి కోటు మనిషిని తీసేశాను.

సెంటర్ నడిపే ఆయన మెట్ల మీదే ఎదురొచ్చాడు. "రా నాయనా. పొదిలి నుంచి ఫోనొచ్చిందిలే."

కాల్ కలిపాను. ముందు ఈ టూల్ ఏం చేయలేదో చెప్పాను, ఆ తర్వాత ఏం చేస్తుందో. సగంలో ఉండగానే తెర మీద మేనేజర్ బొమ్మ మాయమైంది. అయినా చివరిదాకా చెప్పాను. నా నిజాయితీకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముగ్గురు ఖాతాలు తెరిచారు. సర్టిఫికెట్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, రాని తమ్ముళ్ళ పేర్లు కూడా రాయించుకుని తీసుకుపోయారు.

కాగితం మీద సంతకం పడలేదు. మార్కెటింగ్‌లో నాకు చోటు లేదని మెయిల్ వచ్చింది. కొన్నాళ్ళకు అదే కంపెనీలో వాడుక పేజీలు రాయించే ఆవిడ ఫోన్ చేసింది. మార్కాపురం మీటింగు రికార్డింగు విన్నదట. "ఆ నిద్రపోయే సైటు సంగతి మీరు చెప్పినంత తేలిగ్గా మా పేజీలో లేదు. మళ్ళీ రాస్తారా?" అని అడిగింది. జీతం తక్కువ, ఒప్పందం ఆరు నెలలకే. పని మాత్రం ఇంటి నుంచే. ఒప్పుకున్నాను.

మొదట రాసింది ఆ పేజీనే. రాసి మామకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"దీంట్లో పొదిలోళ్ళకు ఒకటి, మార్కాపురమోళ్ళకు ఒకటి ఏం లేదు గదా?"

"లేదు మామా. అందరికీ ఇదే."

"అయితే పాపా నేనూ చదివి చెప్తాం" అన్నాడు.

కూతురి సైటు మా దగ్గరే నడుస్తోంది. ఆయనవి ఇంకా పాత చోటే ఉన్నాయి. నా ఒప్పందం మళ్ళీ రాస్తారో లేదో వచ్చే నెల తెలుస్తుంది.